బురద లోయలోకి ఒక్కడినే దిగొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. వయసు ముప్పై రెండు. కంపెనీ పని మీద డెన్వర్‌లో ఉంటున్నారు. ప్రస్తుతం సెలవు మీద ఇంటికొచ్చారు, దసరా వెళ్లగానే తిరుగు ప్రయాణం. భార్య ఊళ్లోనే టీచరు, నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. మహేంద్రగిరి చుట్టుపక్కల రాళ్ల మీద స్నేహితులతో కలిసి తాడు పని నేర్చుకున్నారు, పర్వతారోహణలో ప్రాథమిక కోర్సూ చేశారు. ఈ ఏడాది మొదట్లో ఒక సహోద్యోగితో కలిసి యూటా రాష్ట్రంలో రెండు ఎండు లోయలు దిగి వచ్చారు. అక్టోబర్ చివర్లో ఎస్కలాంటే ఊరి వైపు మూడో లోయకు వెళ్లాలని ఇద్దరూ అనుకున్నారు. ఇంతలో ఆ సహోద్యోగికి మోకాలి ఆపరేషన్ పడింది. సెలవు మంజూరైంది, సామాను కొన్నారు, డిసెంబర్‌లో ప్రాజెక్టు అయిపోతుంది, మళ్లీ అటు వెళ్లే అవకాశం వస్తుందో రాదో తెలియదు. అందుకని ఒక్కరే వెళ్దామనుకుంటున్నారు. ఆ లోయలో తాడుతో దిగాల్సిన చోట్లు నాలుగు, పెద్దది 27 మీటర్లు. సెప్టెంబర్ వరదల తర్వాత గుంటల నిండా బురద ఉందని విన్నారట. ‘బురద తప్ప కష్టమైనదేమీ లేదు’ అని రాశారు. ఇంట్లో మాత్రం ‘నలుగురం వెళ్తున్నాం’ అని చెప్పారు. ఆ అబద్ధం రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదంటున్నారు. ఒంటరిగా వెళ్లొచ్చా, వెళ్తే ఏమేం పట్టుకెళ్లాలి, భార్యకు అసలు సంగతి చెప్పాలా అని అడుగుతున్నారు. లోయ పేరు కూడా రాశారు గానీ, ఇక్కడ ఇవ్వడం లేదు.

---

మీ ఉత్తరంలో ‘బురద తప్ప’ అన్న చోట ఆగిపోయాను. ముందు దాని సంగతి చూద్దాం.

మీకు తెలిసిందే, చదివే మిగతావాళ్ల కోసం ఒక ముక్క చెబుతాను. స్లాట్ క్యానియన్ అంటే ఇసుకరాయిని వరద నీరు యుగాలుగా కోస్తూ పోగా ఏర్పడిన సందు. పైనుంచి చూస్తే నేలలో పగులులా ఉంటుంది. లోపల గోడలు నిలువుగా లేస్తాయి. కొన్నిచోట్ల భుజాలు తిప్పి పక్కవాటంగా నడవాలి. అలాంటి లోయలో మనిషిని నిలబెట్టేది రాపిడి ఒక్కటే. రెండు గోడలకూ కాళ్లు తన్నిపెట్టి జరగడం, వీపు ఒక గోడకూ అరికాళ్లు ఎదుటి గోడకూ ఆనించి దిగడం, తాడు పరికరంలోంచి జారే వేగం, తాడు మీద బిగిసే ముడి, అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మీరు దిగిన రెండు ఎండు లోయల్లో ఆ రాపిడి మీకు ఉచితంగా దొరికింది. బూటు అడుగున తడి బంకమన్ను పట్టిందంటే అది పోతుంది. అదే బూటు, అదే గోడ, అదే మనిషి, అయినా కాలు నిలవదు. ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఒకరి బూటు కింద ఇంకొకరు చెయ్యి పెడతారు, భుజమిస్తారు. ఒంటరి మనిషికి ఉన్నదంతా ఆ రాపిడే. కాబట్టి ‘బురద’, ‘ఒంటరితనం’ వేర్వేరు ఇబ్బందులు కావు. ఒకదాన్ని తట్టుకోవడానికి కావలసినదాన్ని రెండోది లాగేసుకుంటుంది. ఈ లోయ విషయంలో నా బెంగంతా ఇక్కడే ఉంది.

ఇక గుంటలు. వరద సుడులు తిరిగినచోట రాతిలో గిన్నెల్లాంటి గుంటలు పడతాయి. నిండుగా నీళ్లుంటే ఈది అవతలి అంచు పట్టుకుని లేవొచ్చు. సగం ఎండి అడుగున ఒండ్రు మిగిలినప్పుడే చిక్కు. అంచు తల కంటే ఎత్తున ఉంటుంది, ఎగరడానికి కాలి కింద గట్టి నేల ఉండదు. గుంపుగా వెళ్లినవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి దాటుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్న ఉపాయం, సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అంచు మీదుగా అవతలికి విసిరి, ఆ బరువును ఆసరా చేసుకుని పైకి పాకడం. ఎండు రాతి మీద అది బాగానే పనిచేస్తుంది. అంచంతా బురద పూసి ఉంటే సంచి జారి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. మీరు విన్న వర్ణన ఎవరో ఒకరోజు చూసినది. ఒక్క వరద వస్తే నిండిన గుంట ఖాళీ అవుతుంది, ఖాళీ గుంట నిండుతుంది. ఆ తర్వాత పాత వర్ణన పనికిరాదు.

మోకాలి లోతు దాటిన బురదలో కాలు దిగబడితే నిలువుగా లాగకండి. లాగినకొద్దీ కింద ఖాళీ ఏర్పడి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వీపు మీది సంచి తీసి ముందు పరిచి, దాని మీద ఛాతీ ఆనించి బరువు పంచండి. పాదాన్ని చిన్నగా అటూ ఇటూ ఆడిస్తే పక్కనుంచి నీరు దిగుతుంది. అప్పుడు మెల్లగా వెనక్కి లాగాలి. అర గంట పట్టినా పట్టొచ్చు. 2019 ఫిబ్రవరిలో జయాన్ నేషనల్ పార్కులో ఒకతని కాలు ఇలాగే ఊబిలో ఇరుక్కుంది. పక్కనున్న స్నేహితురాలు గంటల తరబడి నడిచి, ఫోను సిగ్నల్ దొరికే చోటికి చేరి కబురు చెబితే, రెస్క్యూ వాళ్లు వచ్చి తీశారు. ఆ నడిచి వెళ్లే మనిషి మీ పక్కన ఉండదు.

తాడు విషయంలో మీరు అడిగినవాటికి జవాబు. 27 మీటర్ల దిగుడుకు తాడును పైన యాంకర్‌కు, అంటే తాడుకు ఆధారంగా వాడే బండకో దుంగకో, కట్టిన స్టీలు లింకులోంచి దూర్చి రెండు పేటలుగా వేసుకోండి. ఎనిమిదిన్నర, తొమ్మిది మిల్లీమీటర్ల మందం, సాగని రకం, 60 మీటర్లు. ఒక పేట మీద దిగి సన్నతాడుతో పైనున్న లోహపు కొక్కేన్ని, అంటే క్యారబినర్‌ను లాక్కునే పద్ధతి గుంపులకు నప్పుతుంది, ఎందుకంటే కిందివాడు ఇరుక్కుంటే పైవాడు తాడు వదిలి దించగలడు. మీకు పైన ఎవరూ లేరు కాబట్టి ఆ లాభం లేదు. పైగా ఆ క్యారబినర్ రాతి గాళ్లలో తట్టుకునే ప్రమాదం అదనం. దిగే పరికరం కింద ఆరు మిల్లీమీటర్ల సన్నతాడుతో, చెయ్యి వదిలినా తాడును పట్టి ఆపే ఆటోబ్లాక్ ముడి వేసుకోవడం మానకండి. మామూలుగా మీ తాడును కిందినుంచి ఒకరు పట్టుకుని ఉంటారు, చెయ్యి వదిలేసినా వాళ్లు లాగి ఆపుతారు. ఇప్పుడు ఆ పని ఈ ముడిది. బురద తాడు మీద మూడు చుట్లు చాలవు, నాలుగు, ఐదు వెయ్యాలి. పైన యాంకర్‌కు కట్టుకున్న రక్షణ తాడు విప్పకముందే బరువంతా ముడి మీద వేసి, అది పట్టుకుంటోందో లేదో చూసుకోండి. పట్టడం లేదంటే దిగొద్దు. చేతులకు తోలు తొడుగులు వేసుకోండి. ఇసుక కలిసిన బురద తాడు చేతి చర్మాన్నీ, అల్యూమినియం పరికరాన్నీ కూడా కోసేస్తుంది. మధ్యలో తేట నీళ్ల గుంట దొరికితే తాడును జాడించండి.

వరద తర్వాత యాంకర్లు ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. దుంగలు, ఇరుక్కున్న బండలు, ఇసుకలో పాతిన రాళ్లు, వాటికి చుట్టిన పట్టీలు, ఏదైనా కొట్టుకుపోయి ఉండొచ్చు. అంగుళం వెడల్పు గొట్టపు వెబ్బింగ్ (పట్టీ) కనీసం 15 మీటర్లు, స్టీలు లింకులు నాలుగు తీసుకెళ్లండి. పాత పట్టీ ఎండకు వెలిసి, వేళ్లతో వంచితే పెళుసుగా అనిపిస్తే కోసి తీసేసి కొత్తది కట్టండి. కొత్త యాంకర్ ఎంచుకున్నాక, తాడు వేసే లింకు అంచు దాటి కాస్త కిందికి వేలాడేలా పట్టీ పొడుగు పెంచండి. తాడు అంచు మీద రాసుకోకుండా ఉంటేనే కిందికొచ్చి లాగినప్పుడు కదులుతుంది.

ఈ లాగడం దగ్గరే ఒంటరివాడికి అన్నిటికన్నా పెద్ద చిక్కు. గుంపులో మొదట దిగినవాడు కింద నుంచి తాడు లాగి చూస్తాడు. కదలకపోతే పైన ఇంకా మనుషులున్నారు, సర్దుతారు. మీరు దిగారంటే పైన ఎవరూ ఉండరు. అందుకని దిగగానే, రెండు కొసలూ చేతికి అందుతుండగానే, రెండు మీటర్లు లాగి చూడండి. కదలకపోతే రెండు పేటల మీదా, బరువు పడితే బిగిసి లేకపోతే పైకి జరిగే ప్రూసిక్ ముడులు వేసుకుని పైకెక్కి పట్టీ సరిచేసుకోవాలి. బురద తాడు మీద 27 మీటర్లు ఎక్కడమంటే ఒళ్లు హూనమవుతుంది. పళ్లున్న పరికరంతో ఎక్కుదామనుకుంటే ఆ పళ్లలో మన్ను కూరుకుపోయి అది జారుతుంది. సగం లాగాక ఇరుక్కుని, రెండో కొస పైకి వెళ్లిపోయిందనుకోండి, ఆ తాడును పట్టుకుని మాత్రం ఎక్కకండి. పైన అది దేనికి తట్టుకుందో మీకు తెలియదు. మీ బరువు పడ్డాక ఊడొచ్చు. ఆ తాడును వదిలేసుకోవాల్సిందే. అలా వదిలేసుకుంటే మిగతా దిగుళ్ల సంగతేమిటన్నది ఇంట్లోనే లెక్క వేసుకోవాలి. రెండో దిగుడు దగ్గర తాడు పోయి, మీ దగ్గర 30 మీటర్ల విడి తాడు ఒక్కటే ఉంటే, మూడోది దిగగలరేమో గానీ, పెద్దదైతే ఆ తాడు అక్కడే వదిలేసి నాలుగో దాని దగ్గర వట్టి చేతులతో నిలబడతారు. ఒంటరిగా వెళ్లేవాడికి రెండో తాడు కూడా మొదటిదంత పొడుగుండాలి. రెండు 60 మీటర్ల తాళ్లంటే పొడిగా ఉన్నప్పుడే ఏడు కిలోల దాకా బరువు. తడిసి బురద పడితే ఇంకా ఎక్కువ. ఆ బరువుతో గుంటల్లోంచి లేవగలరా అన్నది మీరే చూసుకోవాలి.

చలి గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. ఎడారి అనగానే మనకు ఎండ గుర్తుకొస్తుంది. అక్టోబర్ చివర్లో ఆ లోయ అడుగుకు ఎండే దిగదు. నడుము లోతు చల్లటి బురదలో పావుగంట ఉంటే వేళ్లు మొద్దుబారతాయి, ఆ వేళ్లతోనే ముడులు వెయ్యాలి. నాలుగు మిల్లీమీటర్ల నిండు వెట్‌సూట్, నియోప్రీన్ సాక్సులు, నీళ్లు దూరని సంచిలో పొడి ఉన్ని బట్టలు, రెండు హెడ్‌లైట్లు కావాలి. అప్పటికి పగలు పదకొండు గంటల లోపే ఉంటుంది.

వరద సంగతి మాత్రం రాయగడ, గజపతి జిల్లాలవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. 2017 జూలైలో కల్యాణి, నాగావళి ఏర్లు ఒక్కసారి పొంగి తెరువలి దగ్గర రైలు వంతెనను ఊడ్చుకుపోయాయి. అక్కడా అంతే, వాన ఎక్కడో కురుస్తుంది, నీరు ఇక్కడికొస్తుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ క్యానియన్‌లో పదకొండు మంది కొట్టుకుపోయారు. ఆ వాన పడింది వాళ్ల నెత్తి మీద కాదు, ఎగువన మైళ్ల దూరంలో. అందుకని లోయ పైభాగానికి నీరు చేర్చే పరీవాహకం ఎక్కడిదాకా ఉందో మ్యాపులో గీసుకుని, ఆ మొత్తం మేరకు వాతావరణ సూచన చూడండి. వర్షాకాలం జూలై నుంచి సెప్టెంబర్ దాకానే అయినా, అక్టోబర్‌లోనూ తుఫాను వానలు వస్తాయి. వాన వస్తే ఆ ఊరి నుంచి లోయకు వెళ్లే మట్టి రోడ్డు మన రేగడి చేలలా అయిపోతుంది, కారు కదలదు. కారులో రెండు రోజుల నీళ్లు, తిండి అదనంగా ఉంచండి.

ఇప్పుడు మీ ముందున్న దార్లు.

అనుకున్న లోయకే ఒక్కరే వెళ్లడం ఒకటి. వెళ్లాలనే నిశ్చయించుకుంటే మొదటి దిగుడు దగ్గర తాడు లాగేసుకోకండి. దాన్ని అలాగే వేలాడనిచ్చి, రెండో తాడు తీసుకుని, రెండో దిగుడు అంచు దాకా నడిచి, మధ్యలో గుంటలు, బురద లోతు, యాంకర్ల పరిస్థితి చూసి రండి. నచ్చకపోతే మొదటి తాడెక్కి ఇంటికి. ఆ తాడు లాగిన క్షణం నుంచి వెనక్కి దారి ఉండదు, కింది చివర నుంచే బయటపడాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా రెండో దిగుడు అవతల ఏముందో మీకు తెలియదు. చీలమండ మెలిక పడటం మామూలు సంగతి. ఆ లోయలో అదే జరిగితే ఒక రాత్రో రెండు రాత్రులో అక్కడే. నన్ను అడిగితే, రెండు ఎండు లోయల అనుభవంతో, బురద ఉన్న ఏడాది, ఈ దారి పట్టొద్దంటాను.

అదే లోయను కింది చివర నుంచి చూడటం ఇంకొకటి. చాలా లోయలు కింద వెడల్పుగా తెరుచుకుంటాయి. ఆఖరి దిగుడు అడుగు దాకా నడిచి వెళ్లి, తాడు అక్కర్లేకుండానే గోడలు, బురద, వరద గీత ఎంత ఎత్తున ఉందో అన్నీ చూసి వెనక్కి రావొచ్చు. సెలవు వృథా కాదు, మరుసటి ఏడాదికి పనికొచ్చే సమాచారం చేతికొస్తుంది. పైనుంచి దిగిన తృప్తి మాత్రం ఉండదు, అది లేదని తర్వాత కొన్నాళ్లు గుర్తొస్తుంది కూడా.

మూడోది, అదే ప్రాంతంలో తాడు అవసరంలేని, ఎటు నుంచైనా తిరిగి రాగలిగే ఎండు ఇరుకు లోయ ఎంచుకుని ఒక్కరే నడవడం. అమెరికాలో లోయలకిచ్చే శ్రేణిలో 3 అంటే తాడు కావాలని, 1, 2 అంటే నడక, చేతులు కాళ్లతో ఎక్కడం అని మీకు తెలుసు. పక్కనుండే ఎ అక్షరం పొడి అనీ, బి అంటే నిలవ నీరు అనీ కూడా. మీరు అనుకున్నది 3 బి. 2 ఎ లోయ ఒంటరి మనిషికి దక్కే ఆనందాన్నంతా ఇస్తుంది. అయితే దీన్నీ తేలిగ్గా తీసుకోకండి. 2003 ఏప్రిల్‌లో ఏరన్ రాల్‌స్టన్ బ్లూజాన్ క్యానియన్‌లో ఒక్కడే వెళ్తుండగా ఇరుక్కుని ఉన్న బండ కదిలి అతని చేతిని గోడకు నొక్కేసింది. ఐదు రోజులకు పైగా అక్కడే ఉండి, చివరికి తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పి రాలేదు.

నాలుగోది, ఎస్కలాంటేలో గైడును కుదుర్చుకోవడం. ఖర్చు ఎక్కువే. కాకపోతే ఈ నెల ఏ గుంటలో ఎంత బురద ఉందో వాళ్లకు తెలుస్తుంది. వాళ్లే ఈ లోయ వద్దు అంటే ఆ మాట వినండి. సహోద్యోగి మోకాలు కుదిరేదాకా ఆగడం కూడా ఒక దారే, ప్రాజెక్టు అయిపోయి ఆ అవకాశం చెయ్యి జారిపోయినా సరే.

ఇక ఇంట్లో చెప్పిన మాట. మీకు నిద్ర పట్టకపోవడం సహజమే. అంతకంటే గట్టి కారణం ఒకటుంది. ఒంటరిగా వెళ్లినవాణ్ని బతికించేది సంచిలో ఉన్న సామాను కాదు, సమయానికి ‘ఇంకా రాలేదు’ అని ఫోను చేసే మనిషి. నలుగురున్నారని మీ ఆవిడ నమ్మితే, ఆలస్యమైనా ‘వాళ్లు చూసుకుంటారులే’ అని ఒక పూట ఎదురుచూస్తారు. ఆ పూటే మీకు కావలసింది. అక్కడివాళ్లు ఎంతమంది అని అడిగితే నలుగురని చెబుతారు. వాళ్లు నలుగురి జాడ వెతుకుతారు. అందుకే ఈ దార్లలో ఏది పట్టినా, ఇంటి నుంచి బయల్దేరకముందే, ఎదురుగా కూర్చుని, ‘నలుగురం అన్నది అబద్ధం’ అని చెప్పండి. ఆమెకు కోపం వస్తుంది. వెళ్లొద్దనొచ్చు కూడా. మొదటి దారి ఎంచుకుని ఉంటే ఆ ‘వద్దు’కు బలముంది, నేను చెప్పేదీ అదే. రెండోదో మూడోదో అయితే మ్యాపు ముందు పెట్టి, ఎక్కడ నడుస్తారో, ఎక్కడ ఆగుతారో చూపించండి. నాన్నగారికి ఎంత చెప్పాలన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, ఆయన వయసు, ఆరోగ్యం మీకు తెలుసు.

మోకాలి ఆపరేషన్ అయిన సహోద్యోగి ఇక్కడ మీకు బాగా పనికొస్తాడు. మొదటి కాపలా మనిషి అతను, రెండోది మీ ఆవిడ. అతనికి ఆ లోయ తెలుసు, అదే టైము జోన్‌లో ఉంటాడు. ఇద్దరి దగ్గరా ఒకే కాగితం ఉండాలి. అందులో లోయ పేరు, దిగే చోటు, బయటికొచ్చే చోటు, కారు ఆపే చోటు, కారు నంబరు, సంచి రంగు, ఒక్కడినే అన్న మాట, బయటపడే అంచనా సమయం, ఫోను చెయ్యాల్సిన ఆఖరి గడియ రాయండి. సాయంత్రం నాలుగుకు బయటపడతానని అనుకుంటే, ఆఖరి గడియ రాత్రి పది పెట్టుకోండి. అక్టోబర్‌లో అది మనకు మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. నవంబర్ మొదటి ఆదివారం నుంచి వాళ్ల గడియారం వెనక్కి జరుగుతుంది, అప్పుడు పదిన్నర అవుతుంది. ఇదీ కాగితం మీద రాయండి.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం తీసుకెళ్లండి, కానీ అది ఉందన్న ధీమా వద్దు. ఇరుకు లోయలో ఆకాశం సన్నని చీలికలా కనిపిస్తుంది, సందేశం వెళ్లకపోవచ్చు. పని అయ్యాక దాన్ని డెన్వర్‌లోనే వదిలిపెట్టి రండి. అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలోకి తెస్తే విమానాశ్రయంలోనే కేసవుతుంది.

ఇంకొక్క సంగతి. యూటాలో తప్పిపోయినవాళ్లను వెతికించే బాధ్యత ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్‌ది. పర్లాకిమిడి నుంచి అమెరికా అత్యవసర నంబరు 911 కొడితే అక్కడ మోగదు, డెన్వర్ నుంచి కొడితే డెన్వర్ వాళ్లకే వెళ్తుంది. లోయ ఏ కౌంటీలో ఉందో చూసుకుని, ఆ షెరీఫ్ కార్యాలయం పూర్తి నంబరు, ముందు అమెరికా కోడ్ 1 చేర్చి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఊరు వదలకముందు ఆ నంబరుకు మీ ఆవిడ ఫోను నుంచే ఒకసారి చేసి చూడండి, చాలా సిమ్‌లలో విదేశీ కాల్స్ ఆపేసి ఉంటాయి.